చెట్టు లేని చోట ప్రేమకథ

నా రాజకుమారులందరూ చెట్ల వెనక నుంచి ఊడిపడేవాళ్ళు. రాజకుమార్తె పూలు కోస్తూ ఉంటుంది, పొదలో ఆకులు కదులుతాయి, "ఎవరక్కడ?" అంటుంది, వాడొస్తాడు. నెల్లూరులో ఉండగా ఇట్లాంటి చారిత్రక ప్రేమ సీరియళ్ళు పదకొండు రాశాను. అడవిని నేను బస్సు కిటికీలోంచి తప్ప చూసింది లేదు. మా వీధి చివర రెండు కానుగ చెట్లుండేవి. వాటినే పదకొండు సార్లు మహారణ్యం చేశాను.

కలం పేరు ఒక మహారాణిది. నా అసలు పేరు చెప్పినప్పుడు వారపత్రిక ఎడిటర్ గారు ఫోన్లో కాసేపు గొంతు సవరించుకుని, "ఆ పేరు వేస్తే పాఠకులు ఇదేదో నవాబుల కథ అనుకుంటారమ్మా, మన కథలో కోవెలలున్నాయి కదా" అన్నారు. నాకు పట్టింపు లేదు. మా అమ్మ మాత్రం, "రాణి అయినావు గదా, ఇంక అంట్లు ఎవరు తోముతారు?" అంది.

2003లో మా ఆయన నన్ను దుబాయ్ తీసుకుపోయాడు. దుబాయ్ అంటే దుబాయ్ కాదు, అబూదాబీ. అబూదాబీ అంటే ఊళ్ళో కూడా కాదు. ముసఫ్ఫా దగ్గర, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ అని అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్న చోటు. పేరులో సిటీ ఉంది, మిగతాదంతా ఇసక. మా ఆయన ముసఫ్ఫాలో లారీలకు సొట్టలు తీసి రంగులేసే గ్యారేజీలో ఆఫీసు పని చేసేవాడు. ఒక అరబ్బు పెద్దాయన విల్లా వెనక రెండు గదులు మాకు అద్దెకిచ్చాడు. ఆయన్ని అందరూ అర్బాబ్, అంటే యజమాని, అనేవాళ్ళు, మేమూ అర్బాబ్ అనేవాళ్ళం.

మొదటి రోజు వంటింటి కిటికీ తెరిచి చూశాను. నేల, ఆకాశం. మధ్యలో గీత. అంతే. దేవుడు పని సగంలో ఆపేసి టీ తాగడానికి పోయినట్టుంది.

"ఎట్టుంది మే?" అన్నాడు మా ఆయన.

"ఏది?" అన్నాను.

అప్పటికే ఎడిటర్ గారికి కొత్త సీరియల్ ఒప్పుకుని ఉన్నాను. రెండు రాజ్యాలు, ఒక యువరాణి, ఒక శత్రు యువరాజు, మధ్యలో ఒక వాన సీను. వాన సీను లేకుండా ఆయన ఏ కథా తీసుకోరు. "పాఠకురాలు తడవాలమ్మా" అనేవారు. నేను వారం వారం కాగితానికి ఒక వైపే రాసి మా ఆయన చేతికిచ్చేదాన్ని, ఆయన గ్యారేజీ ఫ్యాక్స్ నుంచి పంపేవాడు. ముదీర్, అంటే వాళ్ళ మేనేజరు, చూసి ఏం పంపుతున్నావంటే కొటేషన్ అనేవాడు. యువరాజు యువరాణి చుబుకం పట్టుకుని ఎత్తే ఘట్టాలన్నీ బంపర్ల కొటేషన్ల మధ్య సముద్రం దాటాయి. పెళ్ళయిన నాలుగేళ్ళలో నా రాతలు మా ఆయన చదివింది ఆ ఫ్యాక్స్ మిషను దగ్గరే. ఒక రోజు ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ, "ఏం మే, ఆ పిల్లోడు గుర్రం మీద ఉండి కింద నిలబడిన ఆ పిల్లను ఒక్క చేత్తో ఎత్తి కూర్చోబెట్టుకున్నాడే, వాడికి నడుం పట్టుకోలేదా?" అని అడిగాడు.

"వాడు వీరుడు" అన్నాను.

"మా గ్యారేజీలో ఇంజన్లు ఎత్తే పఠాన్లున్నారు. వాళ్ళక్కూడా పట్టుకుంటుంది."

కథ ఆరో వారానికే నాకు ఊపిరాడలేదు. అడవి అని రాయబోతే కిటికీలో గీత కనిపించేది. కోయిల అని రాస్తే ఏసీ రొద. గాలి మొదలైతే ఇసక లోపలికొచ్చి కాగితాల మీద పడేది, నేను దులిపి అందులోనే మందమారుతం వీచిందని రాసేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒంటెల అన్న పరిచయమయ్యాడు. మఫ్రఖ్ దాటాక అర్బాబ్‌కి ఒంటెల దొడ్డి ఉంది. దాన్ని చూసుకునే మనిషి వారానికి రెండుసార్లు పికప్ బండిలో ఒంటె పాలు తెచ్చి విల్లాలో ఇచ్చేవాడు. నలభై అయిదేళ్ళుంటాయి, ఎండకి కాలిన మొహం, తలకి ఎర్ర గళ్ళ గుడ్డ. ఒకరోజు నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఫోన్లో అమ్మతో పోట్లాడుతుంటే పాల క్యాను కింద పెట్టి అట్లాగే నిలబడిపోయాడు.

"తెలుగోళ్ళా చెల్లె?" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పని అయింది ఆయనకి. ఆదిలాబాద్ వైపు తండా. ఇక్కడికొచ్చి ఏడేళ్ళు. దొడ్డిలో ఆయనా, ఒక సూడాన్ ముసలాయనా, అరవై ఒంటెలూ. తెలుగు వినేది ఫోన్లో భార్య దగ్గరే.

"ఒంటెలతోటి తెలుగే మాట్లాడత. అవి సమజ్ చేసుకుంటయి గని జవాబియ్యవు."

చదువుకోవడానికి ఏదన్నా ఉంటే ఇయ్యమని అడిగాడు. ఏడో తరగతి దాకా చదివాడట. నాకు పోస్టులో వచ్చే వారపత్రికలు ఓ కట్ట ఇచ్చాను. అందులో నా సీరియల్ ఉందని చెప్పలేదు. సిగ్గు కాదు, పొగరు. తనంతట తాను పొగుడుతాడు, అప్పుడు చెబుదామని.

తరువాతి వారం పాలు ఇచ్చేసి నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాడు. టీ ఇచ్చాను. పత్రికలన్నీ బాగున్నాయన్నాడు. వంటల పేజీ కూడా చదివాడట.

"సీరియల్ చదివావా అన్నా?" అన్నాను, గ్లాసు తుడుస్తున్నట్టు.

"ఆ రాజుల కథనా? సదివిన." టీ ఊదుకున్నాడు. "రాసినామె ఎవరో గని, గుర్రం మొకం సూసినట్టు లేదు చెల్లె."

గ్లాసు కింద పెట్టాను.

"గా పోరడు పొద్దుగూకినంక బయలెల్లి తెల్లారేసరికి నూరు కోసులు ఉరికిచ్చిండట. గుర్రం సచ్చిపోతది. నీళ్ళు తాపిండా? లేదు. గడ్డేసిండా? లేదు. పోంగనే పోరిని ఎక్కిచ్చుకొని మల్ల ఉరికిచ్చిండు. గీనికి గుర్రాన్ని ఎవడిచ్చిండు? గట్లాంటోనికి పిల్లనెట్ల ఇస్తరు?"

"అది ప్రేమ కథ అన్నా" అన్నాను.

"ప్రేమ గుర్రానికెందుకు చెల్లె?"

ఆ రోజు సాయంత్రం ఇంట్లో అన్నం సరిగ్గా ఉడకలేదు. ఎందుకని మా ఆయన అడిగితే జరిగింది చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వి, ఆ అన్నని ఒకసారి భోజనానికి పిలుద్దామన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రెండు వారాలు పత్రికలు రాలేదని అబద్ధం చెప్పాను. మూడో వారం నేనే పిలిచి ఇచ్చాను, ఎందుకంటే యువరాజు ఇప్పుడు ఇంకో రాజ్యానికి పోవాల్సి ఉంది, వాడి గుర్రానికి నీళ్ళు ఎక్కడ తాపాలో నాకు తోచలేదు.

"రాసేది నేనే అన్నా" అన్నాను చివరికి.

ఆయన పత్రిక మీది మహారాణి పేరు చూశాడు. నా నైటీ మీద పసుపు మరకలు చూశాడు. "మాఫ్ చెయ్ చెల్లె" అన్నాడు. పత్రిక మడిచి, "అయినగని గుర్రం సచ్చిపోతది" అన్నాడు.

శుక్రవారం నాడు మా ఆయన నన్ను దొడ్డికి తీసుకుపోయాడు. తారు రోడ్డు దిగాక చక్రాల గుర్తులు తప్ప దారి లేదు. ఇనప కంచె, రేకుల నీడ, నీళ్ళ ట్యాంకరు, ఒంటెలు. నన్ను చూసి ఒక ఒంటె పెదవి పక్కకి తిప్పింది. మా పెద్దాడబిడ్డ గుర్తొచ్చింది.

ఎక్కుతావా అన్నాడు అన్న. వీరనారుల గురించి పదకొండు సీరియళ్ళు రాసినదాన్ని, వద్దని ఎట్లా అంటాను? కూర్చున్న ఒంటె మీద కూర్చున్నాను. అది వెనక కాళ్ళు ముందు లేపుతుందని నాకెవరూ చెప్పలేదు. ముందుకి దొర్లి దాని మెడని కౌగిలించుకున్నాను, నా కథల్లో ఏ నాయికా ఏ నాయకుణ్ణీ అంత గట్టిగా పట్టుకోలేదు. తరువాత ముందు కాళ్ళు లేపింది, వెనక్కి పడ్డాను. నా నోట్లోంచి వచ్చిన మాట రాసేది కాదు. మా ఆయన నవ్వుతూ కంచె పట్టుకుని కూలబడ్డాడు.

అన్న తాడు పట్టుకుని ముందు నడిచాడు. కంచె దాటి, రేకులు దాటి, ఇసకలోకి. కాసేపటికి భయం తగ్గి తలెత్తి చూశాను. పైనుంచి ఆ గీత ఇంకా దూరం జరిగింది. ఎక్కడా ఏమీ అడ్డం లేదు. అప్పుడు దూరంగా ఒక చుక్క కనిపించింది.

"ఎవరన్నా అది?"

"సూడాన్ తాత. మేపడానికి పోయిండు, తిరిగొస్తుండు."

చుక్క చుక్కగానే ఉంది. మేము నడుస్తున్నాం, అది నడుస్తోంది. చాలాసేపటికి చుక్క పొడుగైంది. ఇంకొంచెం సేపటికి దానికి కాళ్ళొచ్చాయి. తరువాత తలగుడ్డ. ఆ తరువాత ఎప్పటికో చెయ్యి ఊపాడు. మొహం కనిపించేసరికి నా వీపు ఎండకి కమిలిపోయింది. అరగంట పట్టింది ఒక మనిషి రావడానికి.

నాకు గుండె ఝల్లుమంది. సూడాన్ తాతని చూసి కాదు, ఆయనకి డెబ్భై ఏళ్ళుంటాయి, పళ్ళు లేవు. నేను అనుకున్నది ఇది: చెట్టు వెనక నుంచి దూకేవాడితో ఆడపిల్లకి ఏముంది? ఉలిక్కిపడటం తప్ప. అదే ఇక్కడైతే వాడు చుక్కగా ఉన్నప్పటి నుంచీ చూస్తుంది. వాడేనా కాదా? వాడే అయితే మాట్లాడాలా వద్దా? జడ సవరించుకుంటుంది, కోపం తెచ్చుకుంటుంది, కోపం పోతుంది, మళ్ళీ తెచ్చుకుంటుంది. అరగంట. వాడికీ అంతే. పారిపోదామంటే దాక్కునే చోటు లేదు. నేను పదకొండు సీరియళ్ళలో ఆ అరగంటని చెట్ల వెనక పారేసుకున్నాను.

దిగాక మూడు రోజులు సరిగ్గా కూర్చోలేకపోయాను. గుర్రం మీద యువరాణి రాత్రంతా ప్రయాణించి దిగగానే నాట్యం చేసిందని రాశాను చూడండి, దానికి నేను పాఠకులకి క్షమాపణ చెప్పుకోవాలి.

ఆ రోజే దొడ్డిలో రేకుల కింద కూర్చుని అన్న మాకు వాళ్ళ తాతల సంగతి చెప్పాడు. వాళ్ళు ఉప్పు మోసినవాళ్ళు. రైలు రాక ముందు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం ఎద్దుల మీద వేసుకుని నెలల తరబడి నడిచేవాళ్ళట. ఎద్దు వీపు మీద రెండు పక్కలా సంచులు, మెడలో గంటలు, ముందు నడిచే ఎద్దుకి కొమ్ములకి గవ్వలు. బిడారు. పిల్లలు దారిలోనే పుట్టేవాళ్ళు, దారిలోనే పెళ్ళిళ్ళు.

"సముద్రం అంటే యాడ అన్నా?"

"మీ దిక్కే. నెల్లూరు అనేటోడు మా తాత."

నేను నెల్లూరులో పుట్టి, ఉప్పు పండే కయ్యల పక్క నుంచి బడికి పోయి, కానుగ చెట్లని చూస్తూ లేని రాజ్యాలు కట్టుకున్నాను. నా ఊరి ఉప్పు సంగతి చెప్పడానికి ఆదిలాబాద్ మనిషి అబూదాబీ ఎడారిలో దొరకాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి ఆ పాత సీరియల్ని చంపేశాను. యువరాజుకీ యువరాణికీ నాలుగు పేరాల్లో పెళ్ళి చేసి, శత్రు రాజులిద్దరికీ హఠాత్తుగా బుద్ధి తెప్పించి, ఖలాస్ అని మా ఆయన చేతిలో పెట్టాను. ఎడిటర్ గారు ఫోన్ చేశారు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

కొత్త కథ చెప్పాను. ఉప్పు కయ్యల యజమాని కూతురు, బిడారు నడిపే మనిషి. ఏడాదికి ఒక్కసారి వస్తాడు, చుక్కగా.

"రాజు లేడా?"

"లేడండీ."

"కనీసం మారువేషంలో?"

"లేదండీ. ఎద్దులున్నాయి."

"ఎద్దులా?" అని ఆయన రెండుసార్లు అడిగారు. ఎవరో ఇంకో రచయిత్రి సీరియల్ మధ్యలో ఆపేసి చేతులెత్తేసింది కాబట్టి ఒప్పుకుంటున్నాననీ, వాన సీను మాత్రం తప్పదనీ అన్నారు.

రాయడం అంత హాయిగా నాకెప్పుడూ జరగలేదు. మా ఆయన పనికి పోగానే కిటికీ ముందు కూర్చునేదాన్ని. వారానికి రెండుసార్లు ట్యాంకు నీడలో టీ, ప్రశ్నలు. ఎద్దుకి గిట్ట అరిగితే ఏం చేస్తారు? దొంగలు పడితే? బిడారులో ఆడవాళ్ళు స్నానం ఎక్కడ చేస్తారు? ఈ చివరిదానికి అన్న సిగ్గుపడి భార్యకి ఫోన్ చేసి అడిగి చెప్పాడు.

వాన సీను దగ్గర చిక్కొచ్చింది. "వానస్తె ఉప్పు కరిగిపోతది చెల్లె" అన్నాడు. "మా తాత మబ్బు సూస్తె ఏడుస్తుండెనట."

సరేనని అట్లాగే రాశాను. ఎడిటర్ గారు అడిగిన వాన కురిసింది. నాయిక తడిసింది, నాయకుడు తడిశాడు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా సంచుల మీద గోనెలు కప్పడానికి పరుగెత్తారు. ఏడాది సరుకు నేలపాలైంది. ఎద్దులు వచ్చి ఆ నేలని నాకాయి. ఇద్దరూ బురదలో కూర్చుని ఏడ్చారు, ఒకరి చెయ్యి ఒకరు ఎప్పుడు పట్టుకున్నారో వాళ్ళకే తెలీదు.

ఫ్యాక్స్ పంపి వచ్చిన రోజు మా ఆయన అన్నం కలపకుండా కూర్చున్నాడు. "మొత్తం పోయిందా మే?" అన్నాడు.

"మొత్తం పోయింది."

"ఒక్క సంచి అయినా మిగల్చచ్చు కదా" అని కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. నాకు వచ్చిన మొదటి అవార్డు అదే అనుకుంటాను.

పాఠకుల ఉత్తరాలు ఎడిటర్ గారు ఫోన్లో చదివి వినిపించేవారు. ఒకావిడకి హీరో దగ్గర ఎద్దుల వాసన వస్తున్నట్టుందట. ఇంకొకావిడ, చుక్క కనిపించిన వారం మొదలు మొహం కనిపించే వారం దాకా మూడు వారాలు ఆగలేక చచ్చానని రాసింది. ఆ అరగంటని నేను మూడు వారాలు నడిపించాను మరి. పన్నెండు వారాలనుకున్న కథ ఇరవై దాటింది. ఎడిటర్ గారు ఎద్దులంటూ దెప్పడం మానేశారు.

ముగింపు నాకు చాలా నచ్చింది. ఉప్పు యజమాని మనసు మారుతుంది, బిడారు మనిషికి కూతుర్నిచ్చి కయ్యలు అప్పగిస్తాడు. నాయకుడు ఎద్దుల్ని దొడ్డికి కట్టేసి ఇంట్లోకి అడుగు పెడతాడు. శుభం. పొద్దున మా ఆయన ఫ్యాక్స్ పంపడానికి తీసుకుపోయాడు. పదింటికి అన్న పాలు తెచ్చాడు. చిత్తుప్రతి చదివి వినిపించాను.

టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. "ఇల్లరికం పోయిండా?"

"వాళ్ళిద్దరూ సుఖంగా ఉండాలి కదన్నా."

"ఎద్దులేమయినయి?"

"దొడ్లో ఉన్నాయి."

"నడిసే ఎద్దును కట్టేస్తె ఏమయితదో ఎరికేనా? కాళ్ళు వాస్తయి." లేచి నిలబడ్డాడు. నేను ఆయనకి కోపం రావడం చూసింది అదొక్కసారే. "గాడు పోవుడు కాదు చెల్లె. ఆమె రావాలె. గింత నడిసినోడు గోడకెట్ల ఆనుకుంటడు? నేను ఏడేండ్ల సంది గీ కంచెల ఉన్న. నాకెరిక."

పికప్ ఎక్కి వెళ్ళిపోయాడు. నేను గ్యారేజీకి ఫోన్ చేశాను. "పంపావా?" అంటే, "పంపి గంటయింది" అన్నాడు మా ఆయన. మధ్యాహ్నం దాకా కూర్చుని మళ్ళీ రాశాను. తండ్రి ఒప్పుకోడు, మనసు మారదు. బిడారు బయలుదేరుతుంది. ఉప్పు కయ్యల గట్టు మీద నిలబడిన తండ్రికి కూతురు చాలాసేపటి దాకా కనిపిస్తూనే ఉంటుంది, మొహం పోతుంది, చెయ్యి పోతుంది, కాళ్ళు పోతాయి, చుక్క అవుతుంది. ఆ అరగంట ఆయనది. రాసేటప్పుడు ముక్కు చీదుకుంటూనే ఉన్నాను, తుడుచుకోవడానికి పాత ఎపిసోడు వాడాను.

మా ఆయన మధ్యాహ్నం భోజనానికి రావడం మామూలు కాదు. ఆ రోజు వచ్చి కాగితాలు తీసుకుపోయి పంపాడు. ఎడిటర్ గారు ఫోన్లో, "ఆ పేజీలున్న ఫారం ప్రెస్సుకి పోయిందమ్మా, ఇంక నా చేతుల్లో లేదు" అన్నారు. పత్రికలో ఇల్లరికమే అచ్చయింది. అన్నకి ఆ సంచిక ఇవ్వలేదు, పోస్టులో పోయిందన్నాను. ఈసారి ఆయన నమ్మలేదనుకుంటాను, కానీ అడగలేదు. రెండో ముగింపు చదివి వినిపిస్తే తల ఊపాడు. "ఇగ బాగున్నది" అన్నాడు.

2006లో అన్న వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు అర్బాబ్ స్వయంగా ఎయిర్‌పోర్టుకి దింపాడు. మా ఆయన ఒక బ్యాగు ఇచ్చాడు, నేను దారిలో తినమని పులిహోర కట్టిచ్చాను.

మరుసటి ఏడాది కథ పుస్తకంగా వచ్చింది, రెండో ముగింపుతో. ఎడిటర్ గారే ముందుమాట రాశారు. అందులో ఎద్దుల్ని తాను మొదటి నుంచీ ప్రోత్సహించినట్టు రాసుకున్నారు. పోనీలే అనుకున్నాను. ఒక ప్రతి తండాకి పోస్టు చేశాను. రెండు నెలలకి ఫోన్ వచ్చింది. అన్న కాదు, ఆయన భార్య. ఆయన రోజూ కొంచెం చదివి వినిపించాడట, నిన్నటితో అయిపోయిందట.

"ఎట్లుంది వదినా?" అన్నాను.

"మంచిగనే ఉన్నది. గని ఆ పిల్ల బిడారుతోటి పోతున్నది గద, ఒక్కనాడన్న రొట్టె చేసిందా?"

ఆలోచించాను. ఇరవై రెండు వారాలు. ప్రేమించింది, తడిసింది, ఏడ్చింది, తండ్రిని ఎదిరించింది. ఒక్క పూట వండలేదు.

"చెయ్యలేదు వదినా" అన్నాను.

"మరి దారిల ఏం తింటరు?" అని, నా జవాబు కోసం ఆగకుండా, గాలి కొట్టే మైదానంలో మూడు రాళ్ళు ఏ దిక్కుకి పెట్టాలో, జొన్న పిండి ఎంత వేడి నీళ్ళతో కలపాలో, ఇసక పడకుండా రొట్టె ఎట్లా కొట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. నేను ఫోన్ భుజానికి ఆనించుకుని పెన్ను వెతికి, కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.